లబ్ధిదారులూ పెట్టుబడిదారులూ

2025 జనవరిలో మా కుప్పం నియోజకవర్గంలోని నడిమూరు గ్రామంలో ఇళ్ళకప్పుల మీద సోలార్ పలకలు పెట్టే కార్యక్రమాన్ని ముఖ్యమంత్రి ప్రారంభించారు. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద ఊరు ఊరంతా సౌరవిద్యుత్తుకు మారడానికి దాన్ని నమూనాగా ఎంచుకున్నారు. ఇట్లాంటి వార్తల్లో ఎప్పుడూ ఉండే మాట ఒకటుంది: లబ్ధిదారులు. తన ఇంటిమీద రెండు పలకలు పెట్టించుకునే మనిషి లబ్ధిదారు. అదే పలకల్ని వందల ఎకరాల్లో పరిచే కంపెనీ పెట్టుబడిదారు. ఇద్దరికీ సర్కారు సాయం ఉంది. నిజం చెప్పాలంటే రెండోవాళ్ళకే ఎక్కువ కాలంగా, ఎక్కువ గట్టిగా ఉంది. కానీ వాళ్ళకిచ్చేదాన్ని 'ప్రోత్సాహకం' అంటారు. మనకిచ్చేదాన్ని 'సబ్సిడీ' అంటారు, కాస్త గొంతు తగ్గించి.

నేను రామకుప్పంలో పుట్టి పెరిగాను. అర్థశాస్త్రం చదువుకుని ఆ పాఠాలే చెప్పుకుంటూ బతికాను. ఈ రెండు మాటల మధ్య దూరం ఎప్పుడు మొదలైందా అని వెనక్కి వెతుక్కుంటూ పోతే అది మా పెరట్లో ఉన్న గోబర్ గ్యాసు గుంత దాకా వచ్చింది.

గోబర్ గ్యాసు చరిత్రలో ఆడవాళ్ళ పేర్లు దొరకవు. 1950ల మొదట్లో జష్‌భాయ్ పటేల్ ఇనుప డ్రమ్ము తేలే నమూనాను తయారుచేశారు. దాని పేరు మాత్రం గ్రామలక్ష్మి! ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1962 నుంచి ఆ నమూనాను ఊళ్ళకు తీసుకుపోయింది. 1973లో చమురు ధరలు ఆకాశానికి అంటాక ఢిల్లీకి పేడ విలువ తెలిసొచ్చింది. 1981-82లో జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకం వచ్చింది. దాంతోపాటే సబ్సిడీలు, జిల్లాకింత అని లక్ష్యాలు వచ్చాయి.

మా ఇంటికి అది ఎనభైల నడుమ వచ్చింది. ఎందుకొచ్చిందంటే మాకు కాస్త మెట్టభూమి, ఐదు పశువులు ఉన్నాయి కాబట్టి. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల దాకా పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులుండాలి. మా వీధి చివర మాదిగవాడలో ఒక్క గేదె ఉన్న ఇల్లే అరుదు. కూలికి పోయే ఆడవాళ్ళు దారిలో పడ్డ పేడ ఏరుకుని పిడకలు చేసుకునేవాళ్ళు. ప్లాంటు వచ్చిన ఇళ్ళు పేడను బయటికి పోనివ్వడం మానేశాయి. ఊరందరిదీ అయిన దారిపేడకు కూడా యజమానులు పుట్టారు. పునరుత్పాదక ఇంధనం మా ఊళ్ళో ముందు చేసిన పని ఇది.

ఇక మా ఇంట్లో సంగతి. 50 కిలోల పేడకు 50 లీటర్ల నీళ్ళు కలపాలి. నాలుగు బిందెలు. మా అమ్మ తెల్లవారుజామున పేడ ఎత్తి, నీళ్ళు తెచ్చి, తొట్టిలో చేత్తో కలిపి, గడ్డీ గాదం ఏరేసి గొట్టంలోకి వదిలేది. కుప్పం వైపు నేల ఎత్తు, చలికాలం చలి గట్టిగా ఉంటుంది. చలికి పేడ సరిగా పులియక గ్యాసు సగానికి పడిపోయేది. అప్పుడు మళ్ళీ కట్టెలే. బయటికొచ్చిన స్లర్రీ నాన్న చేనికి పోయేది.

"గ్యాసు ఊరికే వస్తాది అంటారు. ఊరికే యాడొస్తాది? నేను మోస్తే వస్తాది" అనేది అమ్మ.

చాలా ఏళ్ళ తర్వాత యూనివర్సిటీలో గోబర్ గ్యాసు లాభనష్టాల లెక్కలు చదివాను. ఒకవైపు గుంత, డ్రమ్ము, స్టవ్వు ఖర్చు. ఇంకోవైపు మిగిలిన కిరసనాయిలు ధర, స్లర్రీలోని నత్రజనికి యూరియా ధర. ప్లాంటు నడిపే శ్రమ దగ్గరికొచ్చేసరికి 'ఇంటి శ్రమ' అని రాసి పక్కన సున్నా చుట్టేవాళ్ళు. దీనికి అర్థశాస్త్రంలో ఒక సమర్థన ఉంది. వేరే పని దొరకని మనిషి శ్రమకు సమాజం వదులుకునేది ఏమీ లేదు కాబట్టి దాని నీడధర సున్నాకు దగ్గరగా ఉంటుందని. డెబ్భైల నాటి ప్రణాళికా శాస్త్రంలో ఇది మామూలు మాట. ఈ వాదం నిరుద్యోగం గురించి. మా అమ్మ నిరుద్యోగి ఎప్పుడయింది? ఆ గంటన్నర ఆమె పట్టుపురుగులకు ఆకు వెయ్యకుండా, నిద్రపోకుండా, నా జడ వెయ్యకుండా పెట్టిన గంటన్నర. సర్కారు ఒకసారి సబ్సిడీ పెట్టింది. నాన్న ఒకసారి డబ్బు పెట్టాడు. రోజూ పెట్టుబడి పెట్టింది అమ్మ. కాగితంలో మాత్రం నాన్న లబ్ధిదారు, అమ్మ సున్నా.

కరువు వచ్చింది. బోరు వెయ్యడానికి నాన్న మూడు పశువుల్ని అమ్మేశాడు. ఇనుప డ్రమ్ముకు ఏటా రంగు వెయ్యకపోతే తుప్పు పడుతుంది. పేడే లేనప్పుడు రంగెవరేస్తారు? ప్లాంటు పడుకుంది. నాకు తెలిసి లెక్కల్లో అది ఎప్పటికీ పడుకోలేదు. ఎందుకంటే లెక్క కట్టిన ప్లాంట్లదే, మండుతున్న పొయ్యిలది కాదు.

ఈ తప్పు ఒక్క గోబర్ గ్యాసుది కాదు. ఎనభైల మధ్యలోనే పొగలేని పొయ్యిల జాతీయ కార్యక్రమం వచ్చింది. 2002లో ఆపేసేదాకా దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేశారు. పొయ్యికింత అని కట్టేవాళ్ళకు డబ్బు వచ్చేది. అది మండుతుందా లేదా అన్నది ఎవరి జీతంలోనూ లేదు. మా వైపు తిండి రాగిసంగటి. ఉడికిన పిండిని కట్టెతో బలంగా గెలికితేనే ముద్ద వస్తుంది. ఆ గెలుకుడుకు మెత్తటి మట్టిపొయ్యి కదిలిపోయేది. రంధ్రం కొలత మా సంగటి కుండకు సరిపోదు. అడవి నుంచి తెచ్చిన పొడుగు మోపుల్ని చిన్న ముక్కలుగా నరికితే తప్ప పొయ్యిలోకి పోవు. గొడ్డలి పని ఇంకోటి పెరిగింది. ఆ మోపులు తెచ్చేది ఏనుగులు తిరిగే అడవి నుంచి. 1990లో కౌండిన్య అభయారణ్యం అని ప్రకటించాక అటవీశాఖ భయం కూడా దానికి తోడయింది.

బీనా అగర్వాల్ 1986లోనే 'కోల్డ్ హార్త్స్ అండ్ బ్యారెన్ స్లోప్స్' అనే పుస్తకంలో ఈ విషయమే రాశారు. మెరుగైన పొయ్యి ఇంట్లోకి రాకపోవడానికి కారణం ఆడవాళ్ళ అజ్ఞానం కాదు, పొయ్యి మీద డబ్బు పెట్టాలా వద్దా అని నిర్ణయించే మనిషి పొగ మింగే మనిషి కాకపోవడం అని ఆమె వాదన సారం. నేను ఆ పుస్తకం చదివేనాటికి మా ఊళ్ళో పొగలేని పొయ్యిలు కోళ్ళకు గూళ్ళయ్యాయి.

శ్రమకు ధర కట్టి చూసినవాళ్ళు లేకపోలేదు. మనకు పక్కనే, కర్ణాటకలో తుముకూరు జిల్లా పుర అనే చిన్న గ్రామంలో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యుడు అమూల్య రెడ్డి బృందం ఊరుమ్మడి బయోగ్యాస్ ప్లాంటు పెట్టింది. మొదట వంటకు ఇవ్వాలని చూశారు. ఊళ్ళో పేడ చాలలేదు, పథకం దెబ్బతింది. 1987 నుంచి అదే గ్యాసుతో ఇంజన్ నడిపి ఇళ్ళకు దీపాలు, కొళాయి నీళ్ళు ఇచ్చారు. నాకు ముఖ్యం అనిపించింది ఇంకోటి. పేడ తెచ్చి ఇచ్చినందుకు కిలోకు రెండు పైసలు ఇచ్చేవాళ్ళు. మోసేది ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూ కాబట్టి ఆ పైసలు వాళ్ళ చేతికే వచ్చేవి. రెండు పైసలు ఏమంత? ఏమంత కాదు. కానీ సున్నా కాదు. ఆ ప్లాంటు ఏళ్ళ తరబడి నడిచింది.

అక్కడ రెండు పైసల దగ్గర ఆలోచిస్తున్న కాలంలోనే ఇంకో లెక్క మొదలైంది. తొంభైలలో అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద గాలిమరలు లేచాయి. వాటికి సర్కారు ఇచ్చిన సాయం ఎవరి కంటికీ కనబడదు, ఎందుకంటే అది ఇచ్చింది కాదు, తీసుకోకుండా వదిలేసింది. వేగవంతమైన తరుగుదల అంటారు. గాలిమర మీద 100 రూపాయలు పెట్టిన కంపెనీ ఆ 100నూ మొదటి ఏడాదే తరుగుదల కింద చూపించి ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. పన్ను రేటు 35 శాతం అనుకుంటే 35 రూపాయల పన్ను ఆ ఏడు కట్టనక్కర్లేదు. కాబట్టి గాలిమర ఎవరు కొంటారు? గాలి గురించి తెలిసినవాళ్ళు కాదు, పన్ను కట్టాల్సినంత లాభం ఉన్నవాళ్ళు. మర తిరిగినా తిరగకపోయినా ఆ మినహాయింపు వచ్చేసినట్టే. తర్వాత దాన్ని 80 శాతానికి తగ్గించారు. 2012లో తీసేసి, 2014లో మళ్ళీ పెట్టి, 2017 నుంచి 40 శాతం చేశారు. 2009లో మాత్రం తయారైన యూనిట్‌కు 50 పైసలు ఇచ్చే పద్ధతి కూడా పెట్టారు. మర తిరిగితేనే డబ్బు అన్న తెలివి వాళ్ళ విషయంలో రావడానికి అన్నేళ్ళు పట్టింది. పొయ్యి విషయంలో రానే లేదు.

గోబర్ గ్యాసు మూలన పడితే 'పల్లె ఆడవాళ్ళకు వాడుకోవడం తెలియదు' అన్నారు. పన్ను కోసం పెట్టిన మర సరిగా తిరగకపోతే యజమానికి వాడుకోవడం తెలియదు అని ఎవరైనా అన్నారా?

1999 జులైలో దీపం పథకం వచ్చింది. గ్యాసు సిలిండరు పునరుత్పాదకం కాదు, అయినా ఈ కథలో దానికి చోటుంది. ఎందుకంటే మొదటిసారి కాగితం మీద ఆడమనిషి పేరు పడింది. పొదుపు సంఘాల్లో ఉన్న పేద మహిళల పేరున కనెక్షను, డిపాజిట్ సర్కారు కడుతుంది. మా పిన్నమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక దాచుకుంది. సిలిండరు అయిపోయాక మళ్ళీ నింపించుకునే డబ్బు మాత్రం ఆమె పేరున లేదు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు చేసిన అధ్యయనంలో తేలింది కూడా అదే: కనెక్షన్ వచ్చిన ఇళ్ళలో చాలావాటిలో కట్టెలే ముఖ్యం, గ్యాసు కాఫీకి, చుట్టాలొచ్చినప్పుడు. పేరు ఒక్కటే చాలదని అప్పుడు అర్థమైంది. 2024 నవంబరులో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 మొదలుపెట్టారంటే, మొదటి దీపంలో చమురు ఎక్కడ తక్కువైందో పాతికేళ్ళకు ఒప్పుకున్నట్టే.

మా కుప్పానికి ప్రయోగాలు కొత్త కాదు. ఇజ్రాయిల్ సేద్యం మా చేలల్లోనే చూపించారు. 2002లో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ 'ఐ-కమ్యూనిటీ' అని మూడేళ్ళ కార్యక్రమం పెట్టింది. అందులో ఒక భాగం నాకు బాగా నచ్చింది. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటిని నడిపే సోలార్ పలక ఇచ్చి ఫోటోగ్రాఫర్లను చేశారు. కరెంటు లేని చోట కూడా ఫోటో తీసి అక్కడే చేతికిస్తారు. గుర్తింపు కార్డులకు, మీటింగులకు, పెళ్ళిళ్ళకు. అంతవరకూ ఎండ అంటే వడియాలు ఎండబెట్టుకోవడమే అనుకున్న ఊళ్ళో ఒక ఆడమనిషి ఎండ నుంచి రూపాయి తీసింది, ఆ రూపాయి ఆమె సంచిలోనే పడింది. యంత్రం కంపెనీ సొత్తు, కార్యక్రమం కంపెనీ గడువు. అది వేరే సంగతి. సోలార్ పలక ఎన్ని వాట్లు అన్నదానికంటే దాని చివర ఏ పని తగిలించారు, ఆ పని ఎవరిది అన్నదే ముఖ్యమని చెప్పడానికి నేను క్లాసులో ఈ ఉదాహరణే చెప్పేదాన్ని.

ఇంకో ఉదాహరణ మాకు వాయవ్యంగా, సరిహద్దు అవతలి తెలుగు మాట్లాడే బాగేపల్లి తాలూకాది. అక్కడి కూలీ సంఘం 5,500 కుటుంబాలకు రెండు ఘనమీటర్ల బయోగ్యాస్ ప్లాంట్ల పథకాన్ని 2005లో క్యోటో ఒప్పందం కింద నమోదు చేయించింది. కట్టెలూ కిరసనాయిలూ తగ్గినందువల్ల ఆగిన కార్బన్‌ను అమ్ముకోవడం ఆ పథకం ఆయువు. కార్బన్ కొనేవాడికి గుంతల లెక్క అక్కర్లేదు, ఏడాదిలో నిజంగా ఎంత మండిందో చూపిస్తేనే డబ్బు. దాంతో ప్లాంటు చెడిపోతే బాగుచేయించడం అందరికీ అవసరమైంది. మా అమ్మ ప్లాంటుకు లేనిది అదే. అయితే 2012 నాటికి కార్బన్ ధర కూలిపోయింది. కూలీ తల్లి పొయ్యి యూరప్ బజారు మీద ఆధారపడటం నాకేమీ గొప్పగా అనిపించదు. కానీ ఆ కాగితాల్లో ఆమె పొయ్యి ఒక ఉత్పత్తి కేంద్రం. దానికి కొలత ఉంది, ఒప్పందం ఉంది.

ఒప్పందం అన్న మాట దగ్గరికి రావాలి. పెట్టుబడిదారుకూ లబ్ధిదారుకూ అసలు తేడా అక్కడే ఉంది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ డిస్కంలు గాలి, సౌర విద్యుత్ కంపెనీలతో 25 ఏళ్ళ కొనుగోలు ఒప్పందాలు రాసుకున్నాయి. గాలి కరెంటుకు యూనిట్‌కు 4.84 రూపాయల దాకా ఒప్పుకున్నారు. 2017 చివరికి వేరే రాష్ట్రాల వేలంలో గాలి కరెంటు 2.43కు దిగింది. 2019లో కొత్త ప్రభుత్వం వచ్చి, జులై 1న జీవో ఇచ్చి, పాత ధరలను సమీక్షిస్తామంది. గాలికి 2.43, సౌరానికి 2.44కు తగ్గించమని కంపెనీలను అడిగింది. వాళ్ళు హైకోర్టుకు పోయారు. బకాయిలు పేరుకుపోయాయి, ఢిల్లీ నుంచి, విదేశాల నుంచి కూడా ఒత్తిళ్ళు వచ్చాయి. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఒప్పందంలో రాసుకున్న ధర పూర్తిగా చెల్లించాల్సిందేనని తీర్పు చెప్పింది.

ఆ తీర్పు తప్పని నేను అనను. రాసిచ్చిన మాట నిలబడకపోతే ఎవరు మాత్రం 25 ఏళ్ళ పెట్టుబడి పెడతారు? అధిక ధర భారం బిల్లులు కట్టేవాళ్ళ మీద పడుతుందన్న ప్రభుత్వ వాదనలో కూడా నిజం ఉంది. నేను చూసింది ఒకటే. కంపెనీ దగ్గర ఒక కాగితం ఉంది, ఆ కాగితం పట్టుకుని ప్రభుత్వాన్ని కోర్టుకు లాగగలిగింది. మా పెరట్లో డ్రమ్ము తుప్పు పట్టినప్పుడు మా అమ్మ పట్టుకుపోవడానికి ఏ కాగితమూ లేదు. లబ్ధిదారుకు దయ ఉంటుంది, హక్కు ఉండదు. దయను కోర్టులో అడగలేం.

ఇప్పుడు సూర్యఘర్ దగ్గరికి వద్దాం. 2024 ఫిబ్రవరిలో 75,021 కోట్ల రూపాయలతో కేంద్రం ఆమోదించిన పథకం ఇది. రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000, మూడు ఆపైన 78,000 సబ్సిడీ. మన రాష్ట్రం బీసీలకు ఇంకో 20,000 కలుపుతామని, ఎస్సీ ఎస్టీ ఇళ్ళకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెడతామని ప్రకటించింది. రెండు కిలోవాట్ల పలకలు నెలకు దాదాపు 200 యూనిట్లు ఇస్తాయి.

లెక్క వేద్దాం. 2022 ఆగస్టు నుంచి వచ్చిన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు 1.90, ఆపై 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు. తిరుపతిలో 200 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు ధర 867 రూపాయలు. రామకుప్పంలో ఒక ఫ్యాను, రెండు లైట్లు, టీవీతో 60 యూనిట్లు వాడే ఇంటికి 147 రూపాయలు. ఇద్దరూ సబ్సిడీ పోను చేతి నుంచి 50,000 పెట్టారనుకుందాం. తిరుపతి ఇంటికి ఐదేళ్ళలోపే తిరిగొస్తుంది. మా ఊరి ఇంటికి 28 ఏళ్ళు. పలక ఆయువే పాతికేళ్ళు! కాబట్టి పల్లెటూరి ఇంటికి ఈ పథకం గిట్టుబాటు కావాలంటే మిగిలిన 140 యూనిట్లను డిస్కం కొనాలి, మంచి ధరకు కొనాలి. అంటే ఆ ఇల్లు వాడకందారు కాదు, విద్యుత్ ఉత్పత్తిదారు. గాలిమర కంపెనీ ఏ వ్యాపారంలో ఉందో ఆ వ్యాపారంలోనే ఉంది. మరి కంపెనీకి 25 ఏళ్ళ ధర ముందే రాసిచ్చారు. ఇంటివాళ్ళ మిగులుకు మాత్రం నియంత్రణ మండలి ఎప్పటికప్పుడు చెప్పే ధర. పలక కడగడం, నీడపడే కొమ్మలు కొట్టడం, ఇన్వర్టరు ఆగిపోతే ఫోన్లు చెయ్యడం, ఈ పనులు ఇంట్లో ఎవరి మీద పడతాయో చెప్పనక్కర్లేదు. లాభనష్టాల పట్టికలో ఆ గడి ఇప్పటికీ ఖాళీనే.

దరఖాస్తుకు సొంత ఇల్లు ఉండాలి, కరెంటు కనెక్షను ఉండాలి. కనెక్షను ఎవరి పేరునుంటే దరఖాస్తు వాళ్ళది, సబ్సిడీ వాళ్ళ బ్యాంకు ఖాతాలోకి. మొన్న ఊరికి పోయినప్పుడు మా వీధిలో బిల్లులు అడిగి చూశాను. పదమూడు ఇళ్ళల్లో రెండు బిల్లుల మీదే ఆడవాళ్ళ పేర్లున్నాయి, రెండూ సర్కారు ఇంటిస్థలాల్లో కట్టుకున్న ఇళ్ళు. దీపం కాగితం దాచుకున్న మా పిన్నమ్మ ఇంటి బిల్లు ఆమె మామ పేరున ఉంది. ఆయన పోయి పదకొండేళ్ళు.

"పేరు మార్పించుకోలేదా పిన్నమ్మా?"

"మార్పించల్లంటే నలుగురు అన్నదమ్ములూ సంతకాలు పెట్టల్లమ్మే. ముగ్గురివి అయినాయి. నాలుగోవాడు బెంగుళూరులో ఉండాడు. సోలారు వస్తాది, దాని మింద దుడ్లు వస్తాయి అని వానికి ఎవురో చెప్పినారు. ఇబ్బుడు వాడు పెట్టడంట."